ఆడ జింకల సీజన్‌కి రైఫిల్ సిద్ధం చేసుకోవడం ఎలా

ఇంగ్లండ్, వేల్స్‌లలో నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా రో, ఫాలో, రెడ్, సికా జాతుల ఆడ జింకల్ని కొట్టే కాలం. అడవిని నిలబెట్టేది ఈ అయిదు నెలల పనే. మగ జింక కొమ్ములు గోడకెక్కుతాయి, ఫోటోల్లోకెక్కుతాయి. మంద పెరగాలా తగ్గాలా అని తేల్చేది మాత్రం ఆడవాటి లెక్క. తోడేలూ, లింక్స్ అనే పెద్ద అడవిపిల్లీ ఎప్పుడో మాసిపోయిన దీవి ఇది. ఎవరూ కొట్టకపోతే జింకలు మేస్తూనే ఉంటాయి, నరికిన హేజెల్ మోడు మళ్ళీ చిగురించే సందు ఉండదు. కేంబ్రిడ్జ్‌షైర్‌లోని మంక్స్ వుడ్‌లో ముంట్‌జాక్ అనే చిన్న జాతి జింకలు బ్లూబెల్ పూలను ఎలా మేసేశాయో పరిశోధకులు ఏళ్ళ తరబడి చూశారు. సఫోక్‌లోని బ్రాడ్‌ఫీల్డ్ వుడ్స్‌లో జింకలు రాకుండా కంచె కట్టిన భాగంలోనే నైటింగేల్ పిట్టలు ఎక్కువగా చేరాయి.

మీ అడవిలో ఒత్తిడి ఎంతుందో తెలియాలంటే ఒక పద్ధతి ఉంది. పదడుగుల చదరానికి కంచె కట్టి రెండు వసంతాలు వదిలేయండి. లోపల మోకాలెత్తు పొద, బయట నున్నటి నేల కనిపిస్తే ఇంకో లెక్క అక్కర్లేదు.

ముందు చట్టం, తర్వాత తూటా

రైఫిల్ కొనడానికి ముందే పోలీసులిచ్చే ఫైర్ ఆర్మ్ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. దాని గడువు అయిదేళ్ళు. ఏ క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం) రైఫిలో, ఎన్ని తూటాలు దగ్గర ఉంచుకోవచ్చో అందులో రాసి ఉంటుంది. భూమి యజమాని అనుమతి కాగితం మీద తీసుకోండి. మాట మీద నడిపిన అనుమతులు పొలం చేతులు మారిన రోజు గాలికి పోతాయి.

1991 డీర్ యాక్ట్ ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో రెడ్, ఫాలో, సికా, రో జింకలకు క్యాలిబర్ .240 అంగుళాలకు తగ్గకూడదు, గొట్టం మూతి దగ్గర శక్తి 1,700 అడుగు-పౌండ్లకు తగ్గకూడదు. ముంట్‌జాక్‌కీ చైనీస్ వాటర్ డీర్‌కీ .220 అంగుళాలు, 1,000 అడుగు-పౌండ్లు, 50 గ్రెయిన్ల గుండు చాలు (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత, సుమారు 0.065 గ్రాములు). గుండు మాత్రం తగిలాక విచ్చుకునే రకమే అయి ఉండాలి. సూర్యాస్తమయం అయిన గంట తర్వాత నుంచి సూర్యోదయానికి గంట ముందు దాకా కొట్టకూడదు. స్కాట్లాండ్ లెక్క వేరు. అక్కడ రెడ్ ఆడ జింకల కాలం అక్టోబర్ 21 నుంచి ఫిబ్రవరి 15 దాకా. సరిహద్దు దాటేవాళ్ళు గుండు బరువూ వేగాల నిబంధనలు కూడా విడిగా చూసుకోవాలి.

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. సీసం తూటాలను దశలవారీగా నిషేధిస్తామని బ్రిటన్ ప్రభుత్వం 2025 జూలైలో ప్రకటించింది. దాంతో రాగి గుండ్లకు మారేవాళ్ళు పెరిగారు. రాగి సీసం కన్నా తేలిక కాబట్టి అదే బరువుకు గుండు పొడవవుతుంది. పాత గొట్టం లోపలి మెలిక గాడులు ఆ పొడవాటి గుండును సరిగ్గా తిప్పలేకపోవచ్చు, అప్పుడు గ్రూపు (లక్ష్యం మీద రంధ్రాల గుంపు) చెదిరిపోతుంది. అందుకని .243లో 100 గ్రెయిన్ల సీసం వాడినవాళ్ళు 80 గ్రెయిన్ల రాగికి దిగుతారు. అక్కడ శక్తి లెక్క చూసుకోవాలి. బరువును గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకుని, వేగాన్ని వర్గం చేసి బరువుతో గుణించి 450,240తో భాగిస్తే శక్తి వస్తుంది. 80 గ్రెయిన్ల గుండు 3,100 అడుగుల వేగంతో వెళ్తే 1,707 వస్తుంది, చట్టానికి అంచు మీద సరిపోతుంది. గొట్టం పొట్టిదై వేగం 3,050కి తగ్గితే 1,653 మాత్రమే. అంటే పెట్టె మీద పేరు చూసి కొన్న తూటా మీ రైఫిల్లో రో జింకకు చట్టవిరుద్ధం కావచ్చు. పెట్టె మీద రాసిన వేగం తయారీదారు పొడవాటి పరీక్ష గొట్టంలోంచి వచ్చింది. గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ అరువు తెచ్చుకుని మీ గొట్టంలోంచి వచ్చే వేగం కొలవండి.

జీరో చేయడం

జీరో చేయడమంటే స్కోప్‌లో గురిపెట్టిన చోటే గుండు పడేలా సరిచేయడం. ముందు స్క్రూలు. స్కోప్ రింగులు, బేస్, చెక్క కింది యాక్షన్ స్క్రూలు తయారీదారు చెప్పిన బిగువుకు టార్క్ రెంచ్‌తో బిగించండి. మోడరేటర్ (గొట్టం మూతికి బిగించే చప్పుడు తగ్గించే గొట్టం) చివరిదాకా తిరిగి కూర్చుందో లేదో చూడండి. వేటలో మోడరేటర్ వాడేవాళ్ళు జీరో కూడా దానితోనే చేయాలి. తీసేస్తే గుండు పడే చోటు మారుతుంది. గొట్టం తుడిచి నూనె రాసి ఉంటే, ఎండు గుడ్డతో నూనె తీసేసి, రెండు మూడు తూటాలు పక్కకి కాల్చాకే లెక్క మొదలుపెట్టండి. శుభ్రమైన గొట్టంలోంచి వెళ్ళే మొదటి గుండు తర్వాతవాటితో కలవదు.

తూటాలన్నీ ఒకే లాట్ నంబర్‌వి, అంటే ఒకే విడతలో తయారైనవి ఉండాలి. రైఫిల్ ముందు చెక్క కింద ఇసుక సంచి పెట్టండి, గొట్టం కింద కాదు. గొట్టం దేనికి తగిలినా గుండు దారి తప్పుతుంది. వెనక బట్ కింద ఇంకో చిన్న సంచి పెట్టి, దాన్ని ఎడమచేత్తో నొక్కుతూ ఎత్తు సరిచేసుకోండి.

మొదటి లక్ష్యం 25 మీటర్లలో. బోల్ట్ తీసి గొట్టంలోంచి చూస్తూ లక్ష్యం నడిమధ్యకు తెచ్చుకుని, రైఫిల్ కదలకుండా స్కోప్ గీతల్ని అదే చోటికి తిప్పండి. తర్వాత బోల్ట్ పెట్టి ఒక్క తూటా కాల్చండి. స్కోప్ గొట్టం కన్నా నాలుగు సెంటీమీటర్లు పైన ఉంటుంది కాబట్టి, ఈ దూరంలో గుండు గురిపెట్టిన చోటికి ఒకటి రెండు సెంటీమీటర్ల కింద పడితే చాలు. నడిమధ్యలో పడాలని పట్టుపడితే 100 మీటర్లలో లక్ష్యం పైనుంచి పోతుంది. పావు ఎంవోఏ (ఎంవోఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) స్కోప్‌లో ఒక క్లిక్, అంటే సర్దుబాటు మరను ఒక్క మెట్టు తిప్పడం, 100 మీటర్లలో సుమారు 7 మిల్లీమీటర్లు జరుపుతుంది, 25 మీటర్లలో 1.8 మిల్లీమీటర్లే. ఇది మరిచి, అయిదారు క్లిక్కులు తిప్పి "కదలడం లేదే" అని తూటాలు తగలేసేవాళ్ళు ఉంటారు. స్కోప్ మిల్ అనే ఇంకో కోణం లెక్కలో ఉంటే ఒక క్లిక్ 100 మీటర్లలో 10 మిల్లీమీటర్లు.

తర్వాత 100 మీటర్లు. మూడు తూటాలు, మధ్యలో నిమిషం నిమిషం విరామం. ముట్టుకుంటే చెయ్యి కాలేంత గొట్టం వేడెక్కితే ఆపేయండి, గుండ్లు ఒకదానిమీద ఒకటి నిలువుగా ఎక్కుతూ పోతాయి. మూడు రంధ్రాల మధ్య బిందువు చూసి అప్పుడే క్లిక్ తిప్పండి. ఒక్కో గుండుకీ ఒక్కోసారి తిప్పితే గురి సాయంత్రం దాకా ఉయ్యాల ఊగుతుంది. గ్రూపు మధ్య 5 సెంటీమీటర్లు కిందా, 3 సెంటీమీటర్లు కుడికీ ఉంటే, పైకి 7 క్లిక్కులు, ఎడమకు 4. టరెట్ (ఆ సర్దుబాటు మర) మీది బాణం చూపేది గుండు కదిలే దిక్కు. మళ్ళీ మూడు కాల్చి చూడండి.

ఎక్కడ ఆపాలి? .308లో 150 గ్రెయిన్ల గుండుకు 100 మీటర్లలో 25 మిల్లీమీటర్లు ఎత్తుగా జీరో పెడితే 150 మీటర్ల దగ్గర గురిమీదే ఉంటుంది, 200 మీటర్లలో సుమారు 7 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. అడవిలో 100 దాటి కొట్టనివాళ్ళు సరిగ్గా 100కే పెట్టుకుంటే తలనొప్పి తక్కువ. కొత్తవాళ్ళకు మా సలహా అదే. చివరగా రైఫిల్ పూర్తిగా చల్లారాక ఒక్కటంటే ఒక్క తూటా కాల్చి, అది పడిన చోటు రాసుకోండి. జింక మీదకు వెళ్ళేది ఆ చల్లటి తూటానే.

గ్రూపు నాలుగు సెంటీమీటర్లలోకి రాకపోతే రైఫిల్‌ని తిట్టకుండా వరసగా వెతకండి. నిలువుగా సాగితే వేడి, ఊపిరి, లేదా బట్ కింద సంచి జారడం. అడ్డంగా సాగితే గాలి, లేదా ట్రిగ్గర్‌ని లాక్కోవడం. చెదురుమదురుగా ఉంటే వదులు స్క్రూ, మోడరేటర్, గొట్టం మూతి దగ్గర గీత. అదీ కాకపోతే ఉలికిపాటు. ఇంకొకరి చేత మేగజీన్‌లో డమ్మీ తూటా కలిపి నింపించుకుంటే బయటపడుతుంది: పేలని తూటా దగ్గర కూడా గొట్టం కిందికి వంగితే, తప్పు భుజంలో ఉంది.

ఇసుక సంచి మీద బాగా కాల్చినంత మాత్రాన పొలంలో పని అవదు. డీఎస్‌సీ1 (జింకల వేటగాళ్ళకిచ్చే మొదటి స్థాయి సర్టిఫికెట్) పరీక్షలో 100 మీటర్లలో మూడు తూటాలు పది సెంటీమీటర్ల వలయంలో పడాలి. రో జింక గుండే ఊపిరితిత్తుల చోటు కూడా దాదాపు అంతే. కాబట్టి ఊతకర్రల మీద ఆనించి 70 మీటర్లలో, నిలబడి 40 మీటర్లలో కూడా సాధన చేయండి. ఏ దూరంలో పది సెంటీమీటర్ల వలయం తప్పుతారో అక్కడే మీ హద్దు.

ట్రిగ్గర్‌కి ముందు

గుండు ఆగే మట్టి కనబడకపోతే కాల్చవద్దు. తూటా జింకను దాటి, ఎదురు లేకపోతే కిలోమీటర్ల దూరం పోగలదు. గట్టు మీద ఆకాశానికి ఆనుకుని నిలబడ్డ జింక ఎంత దగ్గరున్నా అది అందని జింకే. చెట్లూ పొదలూ మట్టి కాదు. మంచు గడ్డకట్టిన నేల, రాళ్ళ నేల గుండును ఎగరగొడతాయి. అందుకే పల్లపు ఇంగ్లండ్‌లో మంచె వేసుకుంటారు: పైనుంచి కిందికి కాల్చితే ప్రతి తూటా వెనకా నేల ఉంటుంది. మంచె ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, కంచె దాటేటప్పుడు ఛాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) ఖాళీ చేయండి.

జింక పక్కకు తిరిగి నిలబడ్డప్పుడు, ముందుకాలి వెనక అంచు వెంబడి పైకెళ్ళి, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర గురిపెట్టండి. తల మీదకీ మెడ మీదకీ కొట్టే ముచ్చట కొత్తవాళ్ళు వదులుకోవాలి. దవడ విరిగిన జింక వారం పాటు ఆకలితో చస్తుంది. తల్లీ పిల్లా కలిసి వస్తే ముందు పిల్లను కొట్టండి. తల్లి సాధారణంగా దూరం పోదు. తల్లిని మాత్రమే కొట్టి చలికాలంలో పిల్లను వదిలేయడం క్రూరం.

తూటా పేలాక వెంటనే మళ్ళీ లోడ్ చేసి చూస్తూ ఉండండి. జింక నిలబడ్డ చోటుకు ఒక గుర్తు, మీరు కాల్చిన చోట ఇంకో గుర్తు పెట్టుకోండి. అడవిలోకి దిగాక ప్రతి పొదా ఒకేలా కనిపిస్తుంది. పడింది కనబడితే పది నిమిషాలు ఆగి వెళ్ళండి. పరుగెత్తిపోతే నెత్తురు చూడండి. నురగతో గులాబీ రంగులో ఉంటే ఊపిరితిత్తులు, యాభై మీటర్లలో దొరుకుతుంది. పచ్చగా, వాసనగా ఉంటే పేగులు. అప్పుడు కనీసం అరగంట ఆగి, కుక్కను తెచ్చుకుని వెళ్ళాలి. తొందరపడి తరిమితే లేచి పొరుగు పొలంలోకి పోతుంది.

దగ్గరికి వెనకవైపు నుంచి వెళ్ళి కర్రతో కంటిని తాకండి. రెప్ప కదలకపోతే ఛాంబర్ ఖాళీ చేసి కత్తి తీయండి. చేతికి గ్లవ్స్ వేసుకుని పొట్ట, పేగులు వీలైనంత త్వరగా తీసేయండి. తీస్తూనే శోషరస గ్రంథులు పరిశీలించండి. ఉబ్బి, చీము నిండి ఉంటే టీబీ కావచ్చు. ఆ కళేబరాన్ని పక్కనపెట్టి జంతు ఆరోగ్య శాఖకు తెలపాలి. మిగతావి 7 డిగ్రీల సెంటీగ్రేడ్ లోపుకు చల్లబరిచి వేలాడదీయండి. మాంసం డీలరుకు అమ్మేటట్టయితే, శిక్షణ పొందిన వేటగాడు రాసి సంతకం చేసిన ట్యాగు ప్రతి కళేబరానికీ కట్టాలి.