జిగ్ స్కర్టు రబ్బరు అతుక్కుపోతుంటే నేనేం చేశానంటే

చెన్నై మే ఎండలకి, చేపలు పట్టడానికి నేను చేత్తో కట్టిన జిగ్‌ల (బరువు తల ఉన్న గాలపు ఎరల) రబ్బరు స్కర్టులన్నీ, అంటే గాలం చుట్టూ వేలాడే సన్నటి రబ్బరు పోగుల కుచ్చులన్నీ, డబ్బాలోనే జిగురుజిగురుగా ముద్దయిపోయాయి. ముట్టుకాడు ఉప్పునీళ్లలో పండుగప్ప చేప కోసం రాత్రుళ్లు కూర్చుని కట్టినవి, చాలా బాధేసింది. మెత్తటి ప్లాస్టిక్ ఎరలతో కలిపి పెట్టడమే తప్పు, వాటిలోని నూనె రబ్బరుని తినేస్తుంది, ఎండా వేడీ సరేసరి. పాడైనవి ఇక బాగుపడవు, పారేశాను.

ఇప్పుడు ఉప్పునీళ్ల నుంచి రాగానే మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, చిటికెడు టాల్కమ్ పౌడర్ చల్లి విడి కవర్లో పెడుతున్నా. ఇంకోటి, కాలర్ (పోగుల్ని పట్టి ఉంచే రబ్బరు రింగు) జారిపోతుంటే దాన్ని తీసేసి సన్నటి రాగి తీగ నాలుగు చుట్లు బిగించాను. పోగుల్ని సాగదీసి పట్టుకుని కత్తిరించండి, వదలగానే ఒక్కోటి ఒక్కో పొడవుకి ముడుచుకుని నీళ్లలో ప్రాణమున్నట్టే కదులుతాయి. రెండు నెలలైంది, ఒక్క పోగూ అతుక్కోలేదు.