విమానంలో పసిపిల్లలు: పాలసీసా దిగేటప్పటికి దాచండి

శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా కారులో కిక్కురుమనని మా గుంటడు, హైదరాబాద్‌లో ఎక్కిన పెద్ద విమానం దిగేముందు గుక్కపట్టి ఏడ్చాడు. చెవిపోటు. పాలేమో ఎక్కగానే పట్టించేశాం!

చెవులకు ఎక్కువ ఇబ్బంది దిగేటప్పుడే. విమానం కిందికి వస్తున్నకొద్దీ లోపల గాలి ఒత్తిడి పెరుగుతుంది. చెవినీ గొంతు వెనక భాగాన్నీ కలిపే సన్నని గొట్టం తెరుచుకుంటేనే అది సర్దుకుంటుంది, మింగితే ఆ గొట్టం తెరుచుకుంటుంది. అందుకే నేల తాకేదాకా ఆగకుండా, దాదాపు అరగంట ముందు, దిగడం మొదలవగానే పాలు పట్టండి. నిటారుగా కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా. నిద్రపోతుంటే లేపెయ్యండి. పాపం అనిపిస్తుంది గానీ నిద్రలో మింగడం తక్కువ. జలుబు చేసి ఉంటే బయల్దేరకముందే డాక్టరుకు చూపించండి.

చేతిసంచిలో ద్రవాలు ఒక్కో సీసాలో 100 మిల్లీలీటర్లు దాటకూడదనే నిబంధన చూసి భయపడొద్దు. పసిపిల్లల పాలకు, ఆహారానికి ప్రయాణానికి సరిపడా మినహాయింపు ఉంటుంది. తనిఖీ దగ్గర అడక్కముందే బయటికి తీసి చూపించండి. పసిబిడ్డకు విమానంలో ఉయ్యాల కావాలంటే టికెట్ కొన్నరోజే అడగాలి, ఉండేవి కొన్నే.

వెళ్లేచోట ఉన్న చుట్టాల కోసం కొన్న పలాస జీడిపప్పు మాత్రం పెద్ద పెట్టెలోనే ఉంచండి. నాలుగేళ్లలోపు పిల్లలకు గింజలు గొంతుకడ్డం పడే ప్రమాదం ఉంది.

అన్నట్టు, చేతిసంచిలో ఒక జత బట్టలు పిల్లలకే కాదు, మీకూ పెట్టుకోండి. వాంతి ఎవరి ఒళ్లో అవుతుందనుకున్నారు?