రెండు కార్లు, రెండు దేశాలు – 3వ పాఠం: కేటలాగ్‌లోంచి ఇంజిన్ స్వభావం పట్టుకోవడం

కిందటి పాఠంలో ఇంజిన్ ఎక్కడుందో చూశాం. పోర్షె 911 (964 తరం)లో అది వెనక యాక్సిల్ దాటాక వేలాడుతుంది. హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ (మొదటి తరం)లో సీట్ల వెనకే అడ్డంగా ఉంటుంది. ఈసారి కాగితం, పెన్ను, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు.

చెన్నై బెసెంట్ నగర్‌లో ఆదివారం పొద్దున టీ దగ్గర మన తెలుగువాళ్ల వాదన ఎప్పుడూ ఇదే: "దానికి 270, దీనికి 250. ఇంకేముంది బాస్?" అసలు ఆ రెండూ ఒకే కొలత కాదు. హోండా 270 అమెరికా కేటలాగ్‌లోని హార్స్‌పవర్, పోర్షె 250 జర్మన్ పీఎస్ (అక్కడి హార్స్‌పవర్, కొంచెం చిన్న కొలత). రెండింటినీ కిలోవాట్లలోకి మార్చండి. హార్స్‌పవర్‌ని 0.7457తో, పీఎస్‌ని 0.7355తో గుణిస్తే హోండాకి 201, పోర్షెకి 184 వస్తాయి. ఈ పని చేయకుండా పోలిక మొదలుపెట్టేవాళ్లతో నేను వాదించను.

ఇప్పుడు అసలు లెక్క. ఏ ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరైనా టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం:

టార్క్ (న్యూటన్ మీటర్లు) = కిలోవాట్లు × 9549 ÷ ఆర్‌పీఎం

పోర్షెకి గరిష్ఠ టార్క్ 4800 దగ్గర 310. గరిష్ఠ పవర్ 6100 దగ్గర. అక్కడ టార్క్ ఎంత మిగిలింది? 184 × 9549 ÷ 6100, అంటే 288. 1300 ఆర్‌పీఎం ఎక్కేసరికి 22 పోయింది.

హోండాకి గరిష్ఠ టార్క్ 5300 దగ్గర 285. గరిష్ఠ పవర్ 7100 దగ్గర. 201 × 9549 ÷ 7100 వేస్తే దాదాపు 270. 1800 ఆర్‌పీఎం ఎక్కినా పోయింది 15 మాత్రమే.

ఈ 22, 15 అనే అంకెలు కేటలాగ్‌లో ఎక్కడా ఉండవు. కానీ రెండు ఇంజినీరింగ్ సంప్రదాయాల తేడా అక్కడే బయటపడుతుంది. 1963లో లోకానికి చూపించిన 2 లీటర్ల ఇంజిన్‌నే పోర్షెవాళ్లు పెంచుకుంటూ 3.6 లీటర్ల దాకా తెచ్చారు. సిలిండర్ వ్యాసం 100 మిల్లీమీటర్లు అయ్యేసరికి ఒక్క స్పార్క్ ప్లగ్ వెలిగించిన మంట అంత దూరం పాకడానికి టైమ్ పడుతుంది. అందుకే 964లో సిలిండర్‌కి రెండు ప్లగ్‌లు, మొత్తం పన్నెండు. గాలి లోపలికీ బయటికీ పంపే వాల్వ్‌లు మాత్రం సిలిండర్‌కి రెండే, కాబట్టి పై ఆర్‌పీఎంలలో ఇంజిన్‌కి ఊపిరి తగ్గుతుంది. ఉన్నదాన్ని వదలకుండా సానపట్టడం వాళ్ల పద్ధతి. నాకు ఆ మొండితనమే ఇష్టం.

హోండా 3 లీటర్లకు కొంచెం తక్కువతోనే సరిపెట్టుకుంది. సిలిండర్‌కి నాలుగు వాల్వ్‌లు, తేలికైన టైటానియం కనెక్టింగ్ రాడ్‌లు, 8000 దాకా తిరిగే ఇంజిన్. వీటెక్ అనే హోండా వాల్వ్ ఏర్పాటు వల్ల పై ఆర్‌పీఎంలలో వాల్వ్‌లు ఎక్కువ ఎత్తుకు, ఎక్కువసేపు తెరుచుకుంటాయి. టార్క్ జారిపోకుండా ఆపేది అదే.

రోడ్డు మీద దీని అర్థం? చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్)లో బస్సుల మధ్య ఎన్‌ఎస్‌ఎక్స్ తన అసలు గుణం చూపించడానికి చోటు తక్కువ. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌లో అయితే గేరు మార్చకుండా పట్టి ఉంచొచ్చు, అప్పుడు తెలుస్తుంది. 964కి అంత దూరం లాగక్కర్లేదు, 4800కే తన గరిష్ఠ టార్క్ ఇచ్చేస్తుంది.

ఇంటిపని: 964 తర్వాతి 911 తరమైన 1994 నాటి 993కి 272 పీఎస్ 6100 దగ్గర, 330 న్యూటన్ మీటర్లు 5000 దగ్గర. పవర్ శిఖరం దగ్గర టార్క్ ఎంతో కట్టి, 964తో పోల్చి చూడండి. 313 రావాలి. 425 దాకా వస్తే పీఎస్‌ని కిలోవాట్లలోకి మార్చడం మర్చిపోయారన్నమాట.