మీ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర రాయాలంటే ముందు రేకు పెట్టెలు తెరిపించండి

"మన క్లబ్బు ఎప్పుడు పెట్టారు?" అని మాత్రం ఎవరినీ అడగకండి. నేను అదే అడుగుతూ మూడు నెలలు పోగొట్టుకున్నాను. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డునున్న చిన్న ఊరు మాది, గోల్ పోస్టులకు పాత చేపల వలలే కట్టుకుని ఆడే క్లబ్బు. ఒకాయన 1950 అన్నాడు, ఇంకొకాయన 1965 అన్నాడు, మూడో ఆయన "మా నాన్న పుట్టకముందే ఉంది బాబూ" అని తేల్చేశాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. మన పెద్దవాళ్ళు ఏళ్ళు లెక్కపెట్టేది క్యాలెండరుతో కాదు, తుఫానులతో, పెళ్ళిళ్ళతో.

అందుకని ప్రశ్న మార్చండి. మీరు మొదటిసారి ఆడినప్పటికి పెద్దబ్బాయి పుట్టాడా తాతా, ఊళ్ళోకి కరెంటు వచ్చిందా, బంతికి పాత తోలు బంతుల్లా నోరు బిగించే లేసు ఉండేదా అని అడగండి. దగ్గరి సంగతులకు తుఫానులు చాలు: ఫైలిన్ 2013 అక్టోబర్ 12, హుద్‌హుద్ సరిగ్గా ఏడాదికి అదే తేదీన, తిత్లీ 2018 అక్టోబర్ 11. పాతవాటికి ఆటే సాయం చేస్తుంది. "మనోళ్ళు జకార్తాలో బంగారు పతకం కొట్టిన ఏడే మేం జెర్సీలు కుట్టించాం" అని ఒక తాత అన్నాడు. అది 1962 ఆసియా క్రీడలు, భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ మన హైదరాబాద్ రహీమ్ సాబ్. ఆ ఒక్క మాటతో నాకు జెర్సీల ఏడాది దొరికింది.

మొదటి బంతి ఎవరు తెచ్చారన్న దగ్గర గొడవ తప్పదు. మా ఊళ్ళో రెండు కథలున్నాయి, ఒకటి రంగం నుంచి, అంటే బర్మా నుంచి వచ్చిందని, ఇంకొకటి ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసిన ఆయన సెలవుకొస్తూ తెచ్చాడని. రంగం కథ వింటే ఆ మనిషి ఎప్పుడు తిరిగొచ్చాడో అడగండి, 1942లో జపాన్ వాళ్ళు బర్మా పట్టుకున్నప్పుడు వచ్చేసినవాళ్ళు వేరు, 1962లో అక్కడ సైన్యం గద్దెనెక్కాక వచ్చినవాళ్ళు వేరు, మధ్యలో ఇరవై ఏళ్ళ తేడా. నాకు తేలలేదు. రెండూ రాసి పెట్టాను, మీరూ అలాగే చెయ్యండి, తీర్పు చెప్పబోతే ఒక వీధి వాళ్ళు మీతో మాట్లాడటం మానేస్తారు.

ఎప్పుడు వెళ్ళాలంటారా? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మన తీరంలో చేపల వేట నిషేధం ఉన్న 61 రోజులూ. మామూలప్పుడు మా పాత ఆటగాళ్ళలో సగం మంది గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద ఉంటారు, అక్కడ నిషేధం మొదలయ్యేది జూన్ 1న, అప్పుడు చాలామంది ఇంటికొస్తారు, కాబట్టి వాళ్ళ కోసం జూన్ మొదటి రెండు వారాలు వదలకండి. పొద్దున్నే వలలు బాగుచేసుకునే చోటికి వెళ్ళి కూర్చోండి, రికార్డు చేసుకుంటానని అడిగి ఫోను పక్కన పెట్టండి, తర్వాత నోరు మూసుకోండి. ఒకరు చెబుతుంటే నలుగురు దిద్దుతారు. ఆ దిద్దుబాట్లే అసలు సరుకు.

ఇక రేకు పెట్టెల్లో దాచిన కాగితాలు. సమావేశాల్లో ఏం అనుకున్నారో రాసుకునే మినిట్స్ పుస్తకం ఉంటే మీ అదృష్టం. ఎక్కువ క్లబ్బులకు మిగిలేది చందా పుస్తకం, అది బంగారం. మాదాంట్లో దాతల పేర్లలో మూడో వంతు ఆడవాళ్ళవి, చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగినవాళ్ళు రూపాయి, రెండు రూపాయలు ఇచ్చారు. ఫొటోల్లో వాళ్ళు ఒక్కరూ లేరు. క్రికెట్‌కైతే విజయనగరం రాజకుటుంబం నుంచి విజ్జీ ఉన్నాడు, 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టుకు కెప్టెన్. మన ఫుట్‌బాల్‌కు రాజు ఈ గంపే.

లెటర్‌హెడ్‌మీద జిల్లా పేరు చూడండి. శ్రీకాకుళం జిల్లా 1950లో పుట్టింది, విజయనగరం 1979లో, కాబట్టి ఆ పేరుతో అచ్చైన కాగితం అంతకు ముందుది అయ్యే అవకాశం లేదు. క్లబ్బు రిజిస్టర్ అయి ఉంటే జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఫీజు కట్టి నకలు అడగొచ్చు. పేపర్ల మీద మరీ ఆశ పెట్టుకోకండి, ఈనాడు విశాఖలో మొదలైందే 1974లో, అంతకు ముందు మద్రాసు, బెజవాడ పేపర్లకు మన బీచ్ మ్యాచ్ స్కోరుతో ఏం పని?

ఫొటోల దగ్గర జాగ్రత్త. మాకున్న పాత టీం ఫొటోలో పదకొండు మంది, నలుగురికే బూట్లు, కెప్టెన్ కాళ్ళ మధ్య లేసు బంతి, దాని మీద సుద్దతో 1968–69. సముద్రపు గాలి తేమకు ఫొటో అద్దానికి అతుక్కుపోయింది. దాన్ని ఒక స్టూడియోకి ఇచ్చాను, వాళ్ళు లాగేశారు, గోల్‌కీపర్ మొహం అద్దంతోనే వెళ్ళిపోయింది. ఆయన కొడుకు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు. మీరు అద్దం తీయకుండానే ఫ్లాష్ ఆపి, నీడలో పెట్టి, ఫోను కొంచెం వంచి తియ్యండి. వెనక అట్ట ఊడితే అక్కడ పేర్లు రాసి ఉన్నాయేమో చూడండి.

కప్పులను చింతపండు పెట్టి తోమకండి, తోమీ తోమీ అక్షరాలు అరిగిపోతాయి. పల్చటి కాగితం కప్పి పెన్సిల్‌తో మెల్లగా రుద్దితే కంటికి కనపడని రాత పైకి తేలుతుంది. అడుగు భాగం కూడా చూడండి.

రాసింది అచ్చు వేయించే ముందు జెరాక్స్ తీసి, ప్రతి పేజీ ఎదురుగా ఒక ఖాళీ పేజీ వదిలి, తాడుకు పెన్ను కట్టి టీ కొట్లో పెట్టండి. నేను పెట్టి వారం తర్వాత వెళ్ళాను. మొదటి పేజీలోనే ఫైనల్ గోల్ కొట్టినాయన పేరు కొట్టేసి ఉంది, పక్కన వేరే పేరు, దాన్నీ కొట్టేసి కింద మూడో పేరు, ఆ పక్కన టీ గ్లాసు మచ్చ.