సిమెంటు కోర్టులో గోలీ: స్టాండప్ ముందా, బటర్‌ఫ్లై ముందా?

హన్మకొండ, కాజీపేట వైపు స్కేటింగ్ నేర్చుకునే పిల్లలు రోలర్ హాకీలోకి రాగానే, గోలీగా (గోల్‌కీపర్‌గా) గోల్‌లో నిలబడతా అనేవాళ్లు ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు. వాళ్లు ఫోన్‌లో ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల ఐస్ హాకీ లీగ్) వీడియోలు చూసి వచ్చి, షాట్ కొట్టకముందే మోకాళ్ల మీద పడిపోతుంటారు. దాన్నే బటర్‌ఫ్లై అంటారు. మంచి స్టైలే, కానీ అది ఐస్ ఆట కోసం పుట్టింది. ఐస్ మీద ప్యాడ్లు జారుతాయి కాబట్టి గోలీ కింద ఉండి కూడా పక్కకు జరగగలడు. సిమెంటు మీద అయితే పడ్డచోటే ఆగిపోతాడు. అందుకే మన దగ్గర నేర్చుకునే వరుస మార్చాలి.

అన్నిటికన్నా ముందు ఎక్కడ నిలబడాలో నేర్చుకోవాలి. ఐస్ హాకీ గోల్ వెడల్పు 6 అడుగులు, ఎత్తు 4 అడుగులు. ఎంత పెద్ద ప్యాడ్లు కట్టినా గీత మీదే నిలబడితే రెండు పక్కలా ఖాళీ మిగులుతుంది. రెండు పొడుగాటి తాళ్లు తీసుకుని ఒక్కో పోస్టుకు ఒకటి కట్టండి, రెండు కొసలూ పక్ (బంతికి బదులు వాడే గుండ్రటి బిళ్ల) పెట్టిన చోటికి తెచ్చి ఒక పిల్లాణ్ణి గట్టిగా పట్టుకోమనండి. ఇప్పుడు గోలీని తాళ్ల మధ్య నిలబెట్టి ఒక్కో అడుగు ముందుకు రమ్మనండి. అడుగు పడ్డకొద్దీ అతని కాళ్లకూ తాళ్లకూ మధ్య సందు తగ్గుతూ వస్తుంది, ఒక చోట రెండు తాళ్లూ ప్యాడ్లకు దాదాపు తగులుతాయి. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. తర్వాత పక్‌ను కుడివైపుకు, ఎడమవైపుకు మార్చి మళ్లీ చేయండి. నా లెక్కలో స్టైల్ పేర్లన్నీ దీని తర్వాతే. ఒక్క జాగ్రత్త: పక్కన పాస్ అందుకోవడానికి ఇంకో ఆటగాడు ఉంటే అంత ముందుకు రావద్దు, వెనక్కి వెళ్లే టైం దొరకదు.

స్టాండప్ అంటే వీలైనంత వరకు నిలబడే ఆపడం. మోకాళ్లు కొంచెం వంచాలి, బరువు పాదాల ముందు భాగం మీద ఉండాలి, కర్ర అడుగు నేలకు ఆనాలి, పట్టే గ్లవ్ ముందుకు కనపడుతూ ఉండాలి. 1917లో ఎన్‌హెచ్‌ఎల్ మొదలైనప్పుడు గోలీ కింద పడితే పెనాల్టీ, ఆ రూల్ 1918 జనవరిలో పోయింది. అయినా చాలాకాలం నిలబడే ఆడారు, ముఖానికి మాస్కు లేకుండా కింద పడాలంటే ఎవరికైనా భయమే కదా.

బటర్‌ఫ్లైని మొదట చూపించిన గోలీలలో గ్లెన్ హాల్ ఒకరు, దాన్ని అందరికీ అలవాటు చేసింది పాట్రిక్ రాయ్. మోకాళ్లు దగ్గరగా నేలకు ఆనాలి, పిక్కలు రెండు వైపులా బయటికి పరుచుకోవాలి, మోకాళ్ల మధ్య సందును కర్ర మూయాలి, నడుము మాత్రం నిటారుగానే ఉండాలి. పిల్లలు ఇక్కడే వెనక్కి కూర్చుండిపోతారు, దాంతో పై మూలలు రెండూ ఖాళీ అవుతాయి. షాట్ కర్రను వదిలాకే పడాలి. ముందే పడితే కొట్టేవాడు తీరిగ్గా పైకి లేపేస్తాడు.

సిమెంటు మీద ఆడేవాళ్లకు నేను హైబ్రిడ్ చెప్తాను: దూరం షాట్లకు నిలబడి, దగ్గరి నుంచి కింద వచ్చేవాటికి మాత్రం పడి, వెంటనే పక్ ఎటు ఉంటే దానికి అవతలి వైపు కాలితో తోసి లేవడం. మార్టిన్ బ్రోడర్ ఇలా కలిపి ఆడే 691 మ్యాచ్‌లు గెలిచాడు, ఎన్‌హెచ్‌ఎల్‌లో అదే రికార్డు. 1998 నగానో ఒలింపిక్స్‌లో చెక్ జట్టుకు గోల్డ్ తెచ్చిన డొమినిక్ హాషెక్ ఆట చూడటానికి అద్భుతం, కానీ ఆ దొర్లడాలూ మెలికలూ అతని ఒంటికే కుదిరాయి, కొత్తవాళ్లు జోలికి పోవద్దు.

పడటం, లేవడం ముందు ఇంట్లో నున్నటి బండల మీద, స్కేట్లు లేకుండా, మందపాటి నీ ప్యాడ్లు కట్టి చేయించండి. కోర్టులో మొదట టెన్నిస్ బంతితోనే కొట్టించండి. ఐస్ హాకీ పక్ దాదాపు 170 గ్రాముల గట్టి రబ్బరు. 1959 నవంబర్ 1న న్యూయార్క్‌లో పక్ తగిలి గోలీ జాక్ ప్లాంట్ ముఖం చీరుకుపోయాక, మాస్కు లేనిదే గోల్‌లోకి రానని పట్టుబట్టాడు. మీ పిల్లలనూ ఉత్త ముఖంతో ఒక్క షాట్‌కు కూడా నిలబెట్టకండి.