చలిలో సైకిల్ – 3వ పాఠం: ఘాట్ ఎక్కడం, దిగడం

గత రెండు పాఠాల్లో చదును రోడ్డు గురించే చెప్పుకున్నాం. ఈసారి ఘాట్. నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కే దారినే తీసుకుందాం. ఆ ఊరు సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో అక్కడ ఒక్కోసారి సున్నా డిగ్రీల దగ్గరికి వస్తుంది. కింద నర్సీపట్నంలో మాత్రం మామూలు చలే.

బయలుదేరేటప్పుడు కాస్త వణకాలి. పది నిమిషాలు తొక్కేసరికి ఆ వణుకు పోవాలి. గుమ్మంలోనే వెచ్చగా ఉందంటే ఒక బట్ట ఎక్కువైనట్టే.

ఒంటికి తగిలే బట్టే అన్నిటికన్నా ముఖ్యం. మన కాటన్ బనియన్ వేసవిలో ఎంత సుఖమో ఇక్కడ అంత చేటు. చెమట పీల్చుకుని, ఆరకుండా, ఒంటికి అతుక్కుని ఉంటుంది. పాలియెస్టర్ టీషర్టు గాని, పలుచని ఉన్ని బనియన్ గాని వేసుకోండి. దాని మీద పొడుగు చేతుల చొక్కా ఒకటి. విండ్‌చీటర్‌ను ఎక్కేటప్పుడు మడిచి సంచిలో పెట్టాలి.

అసలు చలి దిగేటప్పుడు మొదలవుతుంది. కాళ్లకు పని ఉండదు కనుక ఒంట్లో వేడి పుట్టదు. బట్టలేమో చెమటతో తడిసి ఉంటాయి. పైగా గాలి. 5 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో దిగితే ముఖానికి సున్నా డిగ్రీల్లో ఉన్నట్టే ఉంటుంది. అందుకే పైకి చేరగానే, టీ సంగతి తర్వాత, ముందు విండ్‌చీటర్ తొడిగి జిప్పు గొంతు దాకా లాగండి. ఇంకా చాలదనిపిస్తే దినపత్రిక ఉంది. యూరప్ పర్వత పోటీల్లో రైడర్లు కొండ మీద ప్రేక్షకులిచ్చే పత్రికను జెర్సీలో దోపుకుని దిగడం పాత ఆనవాయితీ. రెండు మూడు పేజీలు మడిచి ఛాతీ మీద, విండ్‌చీటర్ లోపల పెట్టండి. కింది అంచును నడుము దగ్గర దోపకపోతే రెండో మలుపుకే జారుతుంది. నున్నటి ఆదివారం అనుబంధం అసలే పనికిరాదు.

చేతులు మొద్దుబారితే బ్రేకు అందదు. ఘాట్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది. మందపాటి ఉన్ని గ్లౌజులు బ్రేకు మీద జారతాయి, గాలినీ ఆపవు. గాలి చొరని, అరచేతి వైపు పట్టు ఉన్న గ్లౌజులు కొనండి.

మంకీ క్యాపు మీద హెల్మెట్ పెట్టేవాళ్లను చూస్తుంటాం. హెల్మెట్ పైకి లేచి నుదురంతా బయటపడుతుంది, ఇక అది ఉన్నా లేనట్టే. చెవులు కప్పే పలుచని పట్టీ చాలు.

మోకాళ్లు కప్పుకోండి. బూట్లు బిగుతయ్యేలా రెండు జతల సాక్సులు వేస్తే రక్తం సరిగ్గా ఆడక పాదాలు మరింత చల్లబడతాయి. పొగమంచులో తెల్ల చొక్కా కనబడదు. పసుపో నారింజో వేసుకుని, వెనక ఎర్ర దీపం వెలిగించండి.

ఈ వారం అభ్యాసం: గ్లౌజులు తీయకుండా విండ్‌చీటర్ తొడగడం, జిప్పు లాగడం, హెల్మెట్ పట్టీ బిగించడం ఇంట్లో చేసి చూడండి. జిప్పు చిక్కకపోతే దానికి దారపు ముక్క కట్టండి. తర్వాత తెల్లవారుజామున దగ్గరలోని ఫ్లైఓవర్ నాలుగైదుసార్లు ఎక్కి దిగండి. దిగేటప్పుడు మొదట ఏ భాగం చల్లబడిందో రాసి ఉంచుకోండి, వచ్చే పాఠానికి ఆ కాగితం కావాలి.