చెవి మిషన్ కూత పెడుతోందా? వయొలిన్ స్వరం ఊగుతోందా? ఇలా సరిచేయండి

వినికిడి యంత్రం వాడే పెద్దవాళ్లు ఎక్కువగా రెండు ఫిర్యాదులు చేస్తారు. ఒకటి, ఉండీ ఉండీ కుయ్యిమని కూత పెడుతోందని. రెండోది, మాటలు బాగానే వినిపిస్తున్నాయి గానీ పాట పాడైపోయింది, వయొలిన్ మీద నిలిపిన స్వరం ఊగిపోతోంది అని. 1919లో సంగీత కళాశాల వెలసి, వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన విజయనగరంలో రెండోదాన్ని చిన్న ఫిర్యాదు అనలేం. మొదటి జబ్బుకు వేసిన మందే చాలాసార్లు రెండో జబ్బును తెస్తుంది.

జాతరలో మైకును సౌండు బాక్సు ముందుకు తెస్తే ఏమవుతుందో తెలిసిందే. ఇదీ అంతే. యంత్రం చెవిలోకి పంపిన శబ్దం సందులోంచి కారి, దాని మైకులోకే మళ్లీ దూరుతుంది, మళ్లీ పెరుగుతుంది, మళ్లీ కారుతుంది. దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. డిజిటల్ యంత్రంలోని చిప్పు ఎంత కారుతోందో ఎప్పటికప్పుడు అంచనా కట్టి, మైకులోకి వచ్చేదాంట్లోంచి అంత తీసేస్తూ ఉంటుంది. తాను పంపిన శబ్దమూ మైకులోకి వచ్చిన శబ్దమూ ఒకేలా ఉంటే అది కారినదే అని దాని లెక్క. మాట క్షణక్షణానికీ మారుతుంది కాబట్టి ఈ లెక్క తప్పదు. ఒక్క కమాను లాగులో నాలుగు సెకన్లు నిలిచిన షడ్జం మాత్రం మారదు. దాన్నీ కూతేననుకుని చిప్పు చెరపబోతుంది, స్వరం వణుకుతుంది.

ముందు ఏ జబ్బో తేల్చుకోండి

ఫోన్లోగానీ హార్మోనియం మీదగానీ ఒకే స్వరాన్ని ఐదు సెకన్లు మోగించి టక్కున ఆపండి. ఆగిన తర్వాత కూడా చెవిలో సన్నటి తోక మిగిలితే, లేదా మోగుతుండగానే స్వరం ఊగితే, మోసపోయింది చిప్పు. బయట ఏ స్వరమూ లేకుండా, అన్నం నములుతున్నప్పుడో తలకు తువ్వాలు చుట్టుకున్నప్పుడో కూత వస్తే అది కారుడు. యంత్రాన్ని చెవిలోంచి తీసి గుప్పిట్లో పెడితే కూత రావడం మామూలే. బ్యాటరీ పనిచేస్తోందని దానర్థం.

కారుడు ఎక్కడుందో పట్టుకోవడం

మొదట గుబిలి చూపించండి. చెవిలో గుబిలి అడ్డుంటే శబ్దం లోపలికి పోలేక వెనక్కి తన్నుతుంది. ఇయర్ బడ్‌తో కెలికితే ఇంకా లోపలికి పోతుంది. ఈఎన్‌టీ డాక్టరు దగ్గర తీయించడమే మేలు.

తర్వాత పెట్టుకునే తీరు. రెండో చేత్తో చెవి డిప్పను పైకీ వెనక్కీ లాగి పట్టుకుని, అప్పుడు లోపలికి తోయండి. వేలితో మెల్లగా నొక్కితే కూత ఆగిందా? అయితే చెవిలో పెట్టే రబ్బరు డోము వదులైంది. ఒక సైజు పెద్దది అడగండి.

చెవి వెనక తగిలించుకునే రకం, అచ్చుతో (చెవి కొలతకు పోసి చేసిన ముక్కతో) వాడేదైతే ఇలా వెతకండి. యంత్రం ఆన్‌లో ఉంచి అచ్చును చెవిలోంచి తీసి, దాని కొస రంధ్రాన్ని వేలితో గట్టిగా మూయండి. అచ్చులో గాలి కోసం వేరే రంధ్రం ఉంటే దాన్నీ మూయాలి. కూత ఆగితే అచ్చు చెవికి సరిగ్గా కూర్చోవడం లేదు. ఆగకపోతే ట్యూబు ఊడదీసి, కొక్కెం (యంత్రాన్ని చెవి మీద ఆనించే వంపు ముక్క) కొసను మూయండి. ఇప్పుడు ఆగితే తప్పు ట్యూబుది లేదా అచ్చుది. ట్యూబు పసుపు రంగుకు తిరిగి గట్టిపడితే చీలుతుంది, ఆరు నెలలకోసారైనా మార్పించాలి. అప్పటికీ ఆగకపోతే కొక్కెంలోనో లోపలో తేడా ఉంది, సర్వీసుకు ఇవ్వడమే.

ఆడియాలజిస్టును (వినికిడి నిపుణుణ్ని) ఏమడగాలి

డోముగానీ అచ్చుగానీ మారిస్తే, యంత్రం చెవిలో ఉండగానే ఫీడ్‌బ్యాక్ పరీక్ష మళ్లీ చేయమనండి. నిమిషాల పని. కొందరు ఈ పరీక్ష చేయకుండా పై ఫ్రీక్వెన్సీల్లో, అంటే సన్నటి కీచు శబ్దాలుండే చోట, శబ్దం తగ్గించేసి పంపేస్తారు. కూత పోతుంది, దాంతోపాటు స, శ, త, కలు కూడా పోతాయి. "వినపడుతోంది గానీ తెలీడం లేదు" అని మామ్మ అంటే ఇది జరిగిందేమో అడిగి చూడండి.

ఇక పాట కోసం విడిగా ఒక మ్యూజిక్ ప్రోగ్రాం పెట్టించుకోండి. యంత్రం మీది మీట నొక్కి మాటకూ పాటకూ మార్చుకోవచ్చు. అందులో కావలసినవి ఇవి: ఫీడ్‌బ్యాక్ అణచివేత ఆపేయాలి, లేదా అతి తక్కువలో ఉంచాలి. నాయిస్ రిడక్షన్ పూర్తిగా ఆపాలి. ఎందుకంటే అది ఆగకుండా ఒకేలా మోగేదాన్నంతా రొద కింద కడుతుంది, సీలింగ్ ఫ్యానుకూ శ్రుతిపెట్టెకూ దానికి తేడా తెలియదు. మైకులు అన్ని వైపులా వినాలి. ఫ్రీక్వెన్సీని కిందికి దించే సదుపాయం ఉంటే అదీ ఆపాలి, లేకపోతే స్వరస్థానాలు చెడతాయి. ఇన్ని ఆపాక కూత మళ్లీ మొదలైతే ఆ ప్రోగ్రాంలో మాత్రం శబ్దం కాస్త తగ్గించమనండి.

కచేరీలో, జాతరలో

తప్పెటగుళ్ల దగ్గరో డప్పుల ముందో నిలబడితే శబ్దం పగిలినట్టు వస్తే వాల్యూం తగ్గించి లాభం లేదు. శబ్దాన్ని అంకెల్లోకి మార్చే చోటే అది పొంగిపోయింది, వాల్యూం పని దాని తర్వాతిది. పాత మోడళ్లలో చాలావాటికి ఆ హద్దు 95 డెసిబెల్స్ ప్రాంతంలోనే ఉంటుంది. ఆరుబయట దూరం రెట్టింపు చేస్తే 6 డెసిబెల్స్ తగ్గుతుంది, కాబట్టి ముందు వెనక్కి జరగండి. అదీ చాలకపోతే మైకు రంధ్రాల మీద మామూలు సెల్లో టేపు మూడు నాలుగు పొరలు అంటించండి. పది డెసిబెల్స్ వరకూ తగ్గుతుంది. రెండు మైకులుంటే రెండింటి మీదా సమానంగా వేయాలి. ఇంటికి రాగానే పీకేయండి, మర్నాటికి ఉంచితే చెమటకు జిగురు కరిగి రంధ్రంలోకి దిగుతుంది.